జనరేటర్ మార్చే ముందు 2040 దాకా లెక్క వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు ఓ పదిహేను ఇరవై ఏళ్ల కింద కట్టిన అపార్ట్‌మెంట్లకి ఇప్పుడు పెద్ద ఖర్చులన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి. జనరేటర్, లిఫ్టులు, పంపులు, మురుగునీరు శుభ్రం చేసే ప్లాంటు (ఎస్‌టీపీ)లో గాలి కొట్టే బ్లోయర్లు, మెయిన్ ప్యానెల్, అన్నీ వయసైపోయినవే. ఈ ఏరియాల్లో మన తెలుగువాళ్లు ఫ్లాట్లు చాలానే కొనుక్కున్నారు, అసోసియేషన్ కమిటీల్లో కూడా మనోళ్లు కనిపిస్తూనే ఉంటారు, అందుకే మీ పేపర్‌కి రాస్తున్నా. ఇప్పుడు మార్చే ప్రతి మెషిన్ ఇంకో పదిహేను ఇరవై ఏళ్లు అక్కడే ఉంటుంది, ఆ లోపు కార్బన్ రూల్స్, అంటే ఎంత కార్బన్ డయాక్సైడ్ వదలొచ్చో చెప్పే రూల్స్, మన బిల్డింగుల గేటు దాకా వచ్చేస్తాయి, కాబట్టి ప్రతి పెద్ద అపార్ట్‌మెంట్‌కి పదిహేనేళ్ల ప్లాను, దానికి విడిగా ఒక ఫండు తప్పనిసరి చేయాలి అన్నది నా విన్నపం.

రూల్స్ వస్తాయని ఊరికే భయపెట్టట్లేదండి. న్యూయార్క్ సిటీలో 2019లోనే లోకల్ లా 97 అని చట్టం చేశారు. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులకి ఏడాదికి ఇంత కార్బనే వదలాలని లిమిట్ పెట్టారు, 2024 నుంచి అది అమల్లో ఉంది, 2030 నుంచి ఇంకా బిగుస్తుంది. లిమిట్ దాటితే దాటిన ప్రతి టన్నుకీ 268 డాలర్ల దాకా ఫైను, అదీ ఏటా. 25,000 చదరపు అడుగులంటే మన లెక్కలో ఇరవై ఫ్లాట్ల చిన్న బిల్డింగే. అక్కడ గ్యాస్ బాయిలర్లు, ఆయిల్ బాయిలర్లు తీసేసి కరెంటుతో నడుస్తూ బయటి గాలిలోని వేడిని లాగి ఇచ్చే హీట్ పంపులకి మారాలంటే కోట్ల ఖర్చు, ముందునుంచీ డబ్బు దాచుకున్న బిల్డింగులు బాయిలర్ ఎప్పుడు రిటైరైతే అప్పుడు మార్చుకుంటాయి, దాచుకోనివాళ్లు లోన్లు తీసుకోవాలి, లేదంటే ఒక్కో ఇంటి మీద స్పెషల్ వసూలు వేసుకోవాలి. కార్బన్ ఎలా తగ్గిస్తామో ప్లాన్ వేసి ఫైల్ చేసినవాళ్లకి మొదటి ఏళ్లలో ఫైను విషయంలో కొంత వెసులుబాటు కూడా ఇచ్చారు. అంటే చేతిలో ప్లాన్ ఉండటం వల్లే కొంత మేలు జరిగింది.

మన దగ్గర పాత అపార్ట్‌మెంట్ల మీద ఇవాళ్టికి అలాంటి లిమిట్ ఏమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించినప్పుడు ఇంధనం పొదుపుగా వాడేలా కట్టమని చెప్పే బిల్డింగ్ కోడ్‌లోకి నివాస భవనాలని కూడా తెచ్చారు, ఆ కోడ్ వర్తించడానికి ఉన్న 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (బిల్డింగుకి తగిలించిన మొత్తం కరెంటు లోడ్) అన్న గీతని ఇంకా కిందికి దించే అధికారం రాష్ట్రాలకి ఇచ్చారు. సిమెంట్, అల్యూమినియం లాంటి పరిశ్రమలకి ఉద్గారాల టార్గెట్లు పెట్టేశారు. 2023 నవంబర్‌లో అప్పటి నగర పాలక సంస్థ బీబీఎంపీ విడుదల చేసిన క్లైమేట్ ప్లాన్ ప్రకారం బెంగళూరు 2050 కల్లా నెట్ జీరో కావాలి, అంటే వదిలే కార్బన్, తిరిగి పీల్చుకునే కార్బన్ సరిసమానం కావాలి. ఇవాళ కొన్న జనరేటర్ 2042లో కూడా మన బేస్‌మెంట్‌లోనే ఉంటుంది కదా.

ఇక మా అపార్ట్‌మెంట్ సంగతి. 120 ఫ్లాట్లు, నేను కమిటీలో ఉన్నా. మెయిన్ ప్యానెల్ రూంలోకి పొద్దున ఏడింటప్పుడు వెళ్తే లోపల ఉక్కపోస్తుంది, కేబుల్ చివర బిగించే లగ్గుల దగ్గర ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగింది, మా ఎలక్ట్రీషియన్ రంగు చాక్‌పీస్‌తో ఆ లగ్గుల చుట్టూ గీసి పెట్టాడు, ప్రతి వారం చూసుకోవడానికి. ఫ్లాట్లకి గీజర్ల లోడ్ ఒక్కసారిగా ఎక్కే టైం అది. దీనికి తోడు పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్నాయి. నలభై కార్లు రాత్రి ఒకేసారి 3.3 కిలోవాట్ల చార్జర్లకి తగిలిస్తే అదే 132 కిలోవాట్లు, మా ట్రాన్స్‌ఫార్మర్ వేసిన రోజున ఈ లోడ్ ఎవరి లెక్కలోనూ లేదు. ఇలా ఉంటే ఏడాదికోసారి ఓనర్లందరూ కూర్చునే ఏజీఎంలో చర్చ మాత్రం జనరేటర్ ఏ కంపెనీది కొందాం, ఎవరు డిస్కౌంట్ ఎక్కువ ఇస్తున్నారు అన్న దగ్గరే తిరిగింది. జనరేటర్ ఎంత సైజు కావాలి, అసలు లిఫ్టులకి, పంపులకి, కామన్ లైట్లకి బ్యాటరీ పెట్టుకుని డీజిల్‌ని సగానికి దించొచ్చా అని ఎవరూ అడగలేదు. డీజిల్ లీటరు కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ లీటరుతో వచ్చే కరెంటు మూడు, మూడున్నర యూనిట్లు, ఖర్చు చూస్తే బెంగళూరుకి కరెంటు ఇచ్చే బెస్కాం యూనిట్ కన్నా మూడు నాలుగు రెట్లు.

అలాగని అన్నీ కరెంటుకి మార్చేస్తే కార్బన్ తగ్గిపోతుందని అనుకోవడం కూడా తప్పే, ఈ ముక్క గట్టిగా చెప్పాలి. మన గ్రిడ్‌లో ఇంకా బొగ్గే ఎక్కువ, యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. గ్యాస్ గీజర్ తీసేసి మామూలు కాయిల్ గీజర్ పెడితే ఇవాళ్టి లెక్కలో కార్బన్ పెరుగుతుంది, పైగా పొద్దున్నే ప్యానెల్ మీద ఇంకో 2 కిలోవాట్లు. అదే హీట్ పంపు అయితే ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, కాబట్టి ఇవాళ గ్యాస్‌తో దాదాపు సమానంగా ఉంటుంది, గ్రిడ్‌లోకి సోలార్, విండ్ చేరే కొద్దీ తగ్గుతూ పోతుంది. గ్యాస్ గీజర్ మాత్రం ఎన్నేళ్లయినా అంతే వదులుతుంది. అందుకే వరస ముఖ్యం. ముందు వృథా తగ్గించాలి, అంటే పాత పంపులు, రోజంతా తిరిగే బ్లోయర్ మోటార్లు, టెర్రస్ మీద పాడైపోయి పడున్న సోలార్ హీటర్లు చూసుకోవాలి, తర్వాత సోలార్, తర్వాత ప్యానెల్, ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాతే చార్జర్లు, హీట్ పంపులు. ఈ వరస తిరగబడితే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి డబ్బు పోసి తర్వాత అంత అవసరం లేదని తెలుసుకుంటాం.

డబ్బు లెక్క కూడా చెప్తా. ఉదాహరణకి ఇవన్నీ కలిపి 60 లక్షలు అనుకుందాం. పదిహేనేళ్ల ముందు మొదలుపెడితే 120 ఫ్లాట్లకి పంచితే నెలకి ఫ్లాట్‌కి 280 రూపాయల లోపే. అదే పీకల మీదకి వచ్చాక ఒక్కసారి అడిగితే ఫ్లాట్‌కి 50,000. అప్పుడేమవుతుంది, రిటైరైన పెద్దవాళ్లు ఇవ్వలేరు, అమెరికాలో ఉన్న ఓనర్ మెయిల్‌కి జవాబివ్వడు, వచ్చే ఏడాది అమ్మేసుకుని పోయేవాడు నాకెందుకంటాడు, చివరికి ఉన్న డబ్బుతో వచ్చే చవక డీజిల్ జనరేటరే కొంటారు. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీల నమూనా బైలాల్లో సింకింగ్ ఫండ్ అని ఉంది, స్థలం విలువ కాకుండా కట్టుబడి ఖర్చులో కనీసం 0.25 శాతం ఏటా తీసి పక్కన పెట్టాలి. మన దగ్గర చాలా చోట్ల బిల్డర్ అప్పజెప్పిన మూలనిధి (కార్పస్) ఒక్కటే ఫండు, దాని మీద వడ్డీతో పెయింటింగులు చేయించుకోవడమే ప్లాను.

సోలార్‌కి సాయం లేదని కూడా అనలేం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి కామన్ అవసరాల కోసం, ఈవీ చార్జింగ్‌తో కలిపి, కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. బెంగళూరు ఎండకి కిలోవాట్‌కి రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి, వంద చదరపు అడుగుల టెర్రస్ చాలు.

అందుకని కర్ణాటక ప్రభుత్వానికి మీ పేపర్ ద్వారా మూడు విషయాలు అడుగుతున్నా. యాభై ఫ్లాట్లు దాటిన ప్రతి అసోసియేషన్ ఏ మెషిన్ ఎప్పుడు కొన్నది, ఎప్పుడు మార్చాలి, దేంతో మార్చాలి, ఎంతవుతుంది అన్న పదిహేనేళ్ల ప్లాన్‌ని ఆడిటెడ్ లెక్కలతో పాటు ఏజీఎంలో పెట్టాలని, మూడేళ్లకోసారి దాన్ని సరిచూడాలని రూల్ తేవాలి. ఫ్లాట్ చేతులు మారేటప్పుడు ఆ ప్లాను, ఫండులో ఉన్న బ్యాలెన్సు కొనేవాళ్లకి చూపించాలి, అప్పుడు పోయేవాళ్లకి కూడా పట్టింపు ఉంటుంది. బెస్కాం ఏ ఏరియాలో ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఎంత లోడ్ మిగిలి ఉందో బయటపెట్టాలి, అది తెలియకుండా ఏ అసోసియేషనూ చార్జర్ల సంగతి తేల్చుకోలేదు.

ఈ ఏడాది జనరేటర్ కొటేషన్లు తెప్పించుకుంటున్న కమిటీలకి ఒక్క మనవి. సంతకం పెట్టే ముందు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కన్సల్టెంట్‌తో ఒక వారం పాటు లోడ్ రికార్డ్ చేయించండి, ఆ కాగితం చూశాకే సైజు నిర్ణయించండి.

ఇట్లు
ఒక అపార్ట్‌మెంట్ కమిటీ సభ్యుడు
మారతహళ్ళి, బెంగళూరు