ఫ్రిజ్ కొంటే సరిపోదు, తీగలూ చూడాలి

సంపాదక మహాశయులకు,

క్వాంటం డాట్ అనగానే పత్రికల్లో టీవీ తెరలకు రంగులద్దే నానో రేణువుల బొమ్మే వేస్తున్నారు. 2023 రసాయనశాస్త్ర నోబెల్ వాటికే దక్కింది. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా నడిపించే డాట్లు వేరు. గాలియం ఆర్సెనైడ్ చిప్‌లో సుమారు వంద నానోమీటర్ల లోతున పల్చటి ఎలక్ట్రాన్ పొర ఉంటుంది. పైనున్న లోహపు గేట్లకు రుణ వోల్టేజీ ఇచ్చి, ఆ పొరలో చిన్న మడుగులు కడతారు. రెండు మడుగులు ఒకదాన్నొకటి ప్రభావితం చేసేంత దగ్గరగా ఉంటే జంట డాట్లు.

2023 ఏప్రిల్‌లో కేంద్రం జాతీయ క్వాంటం మిషన్‌కు రూ.6,003.65 కోట్లు ఆమోదించింది. ఇలాంటి ప్రయోగశాలలకు ప్రతిపాదనలు రాసేవారికి మా మాట ఒకటి: చిప్‌ను పరమశూన్యానికి అతి చేరువగా చల్లబరిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ ధర ఒక్కటే లెక్కేసి ఊరుకోకండి.

ఫ్రిజ్ థర్మామీటర్ 15 మిల్లీకెల్విన్ (పరమశూన్యం కన్నా 0.015 డిగ్రీలు ఎక్కువ) చూపిస్తున్నా, చిప్‌లోని ఎలక్ట్రాన్లు 200 దగ్గరే ఆగిపోవచ్చు. ఆ చలిలో స్ఫటిక కంపనాలకూ ఎలక్ట్రాన్లకూ ఉష్ణ సంబంధం దాదాపు తెగిపోతుంది. అవి చల్లబడేది ముఖ్యంగా తీగల ద్వారానే. గదిలోని రేడియో తరంగాల రొదను లోపలికి మోసుకొచ్చేవీ ఆ తీగలే. అందుకే ప్రతి తీగనూ ఫ్రిజ్‌లోని ప్రతి అంతస్తులో రాగి దిమ్మకు చుట్టి చల్లబరచాలి. అన్నిటికన్నా చల్లటి అంతస్తైన మిక్సింగ్ ఛాంబర్ దగ్గర ఆర్‌సీ ఫిల్టర్ (రెసిస్టర్, కెపాసిటర్ కలిపిన వడపోత), దానికి తోడు రాగి పొడి ఫిల్టర్ పెట్టాలి. ఆర్‌సీ ఒక్కటే చాలదు. గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల్లో కెపాసిటర్ కెపాసిటర్‌లా పనిచేయదు, రొద దాన్ని దాటి వచ్చేస్తుంది.

లాక్-ఇన్ (అతి చిన్న సిగ్నళ్లను కొలిచే పరికరం) నుంచి డాట్‌కు ఇచ్చే వోల్టేజీ 5 మైక్రోవోల్టులు మించకూడదు. 100 మిల్లీకెల్విన్ వద్ద ఉష్ణశక్తి 8.6 మైక్రో ఎలక్ట్రాన్ వోల్టులే మరి. సిగ్నల్ బాగా రావాలని 50 ఇస్తే, గేట్ వోల్టేజీ మారుస్తున్నప్పుడు ప్రవాహంలో కనిపించే శిఖరం మన వోల్టేజీ వల్లే వెడల్పవుతుంది.

ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక డాట్‌ను బాగా బిగించి (రెండు వైపులా అడ్డుగోడలు మందం చేసి) ఆ శిఖరాన్ని, అంటే కూలంబ్ శిఖరాన్ని కొలవండి. ఒకే శక్తిస్థాయి గుండా ప్రవాహం సాగితే, సగం ఎత్తు దగ్గర వెడల్పు ఉష్ణశక్తికి మూడున్నర రెట్లు. అంటే 100 మిల్లీకెల్విన్‌కు 30 మైక్రో ఎలక్ట్రాన్ వోల్టులు. గేట్ గుణకం (గేట్ వోల్టేజీలో డాట్ స్థాయిని జరిపే భాగం) 0.1 అయితే గేట్ మీద 0.3 మిల్లీవోల్టులు. ఫ్రిజ్ చల్లబడుతున్నా ఈ వెడల్పు తగ్గకపోతే శిఖరం ఆకారం చూడాలి. లోరెంజియన్ (అంచులు నెమ్మదిగా దిగుతూ దూరం దాకా సాగే ఆకారం) అయితే అడ్డుగోడలు పలచగా ఉన్నట్టు. కాకపోతే ముందు తీగలనే అనుమానించాలి.

ఇక వ్యతికరణం, అంటే రెండు దారుల్లో వెళ్లిన ఎలక్ట్రాన్ తరంగాలు కలిసినప్పుడు ఒకదాన్నొకటి పెంచడం, తగ్గించడం. చిప్ మీద ఎలక్ట్రాన్లకు వలయం లాంటి దారి కట్టి, దాని రెండు చేతుల్లో ఒక్కో డాట్ పెట్టి అయస్కాంత క్షేత్రం మారిస్తే ప్రవాహం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వలయ వైశాల్యం ఒక చదరపు మైక్రాన్ అయితే ఒక్కో డోలనానికి 4.1 మిల్లీటెస్లాలు. క్షేత్రాన్ని తొందరపడి మారిస్తే రాగిలో సుడి ప్రవాహాలు పుట్టి ఫ్రిజ్ వేడెక్కుతుంది. ఒక డాట్ గేట్ కదిపితే పక్క డాట్ స్థాయి కూడా జరుగుతుంది కాబట్టి రెండింటినీ కలిపి సరిచేస్తూ పోవాలి. ఒక చేతిని పూర్తిగా మూసేస్తే డోలనం పోవాలి. పోలేదంటే ఎలక్ట్రాన్లు మరో దారిన వెళుతున్నాయి.

డాట్ దాటేటప్పుడు ఎలక్ట్రాన్ తరంగం ఎంత జరిగిందో చెప్పేది దశ. ‘దశ కొలిచాం’ అనే వార్త చూస్తే, వలయానికి ఎన్ని కొసలు (ఎలక్ట్రాన్లు వచ్చిపోయే దారులు) ఉన్నాయో ముందు అడగాలి. రెండే ఉంటే ఆన్సాగర్ సౌష్ఠవం (అయస్కాంత క్షేత్రాన్ని తిరగేసినా వాహకత మారదనే నియమం) వల్ల దశ సున్నా లేదా 180 డిగ్రీలు, మధ్యలో ఏమీ ఉండదు. 1995లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో యాకోబీ, హైబ్లూమ్ బృందం ఒక చేతిలో డాట్ పెట్టినప్పుడు కనిపించింది ఈ గెంతే. 1997లో అదే ప్రయోగశాల అదనపు కొసలు తెరిచి, వెనక్కి మళ్లే ఎలక్ట్రాన్లను బయటికి పోనిచ్చాకే దశ క్రమంగా మారడం కనబడింది.

చిన్నవే కానీ ఖరీదైన పొరపాట్లు ఇంకా ఉన్నాయి. చిప్‌కు తీగలు అతికించేటప్పుడు పిన్నులన్నీ గ్రౌండ్ చేయకపోతే, చేతి నుంచి దూకే స్థిర విద్యుత్తు సన్నటి గేట్లను కరిగించేస్తుంది. గేట్లకు 0.2–0.3 వోల్టుల ధన వోల్టేజీ ఇచ్చి చల్లబరిస్తే తర్వాత చార్జి గెంతులు (చిప్‌లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని విడుదలవడం వల్ల వచ్చే కుదుపులు) తగ్గుతాయి.

ఫిల్టర్లు, తీగలు, లీకు డిటెక్టర్, టెక్నీషియన్ జీతం బడ్జెట్‌లో విడివిడిగా కనబడాలి. నిధులిచ్చే సంఘాలు కూడా పురోగతి నివేదికలో ఫ్రిజ్ అంకెతో పాటు ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతనూ, దాన్ని కొలిచిన శిఖరం గ్రాఫునూ అడగాలి.

– నానో ఎలక్ట్రానిక్స్ పరిశోధకులు, హైదరాబాద్