ప్రతి పొక్కూ సాలీడు కాటు కాదు

సంపాదకుడు గారికి,

వానలు పడటం మొదలైతే చాలు, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరుగుతుంది. నల్లటి సాలీడు, వీపు మీద ఎర్రటి చార. కింద 'హైదరాబాద్‌లో దొరికింది, కుడితే గంటలో ప్రాణం పోతుంది, అందరికీ పంపండి' అని రాసి ఉంటుంది. ఆ ఫొటోలో ఉన్నది ఆస్ట్రేలియాలో ఉండే రెడ్‌బ్యాక్. దానికి అక్కడ 1956 నుంచే విరుగుడు మందు ఉంది. ఈ సంగతి చెబితే గ్రూపులో ఎవరూ పట్టించుకోరు. మర్నాడు అపార్ట్‌మెంట్ మొత్తానికి స్ప్రే కొట్టించాలని చందాలు మొదలవుతాయి.

నేను వారాసిగూడలో మందుల షాపు నడుపుతున్నాను. చందాల గొడవ కోసమైతే మీకు ఉత్తరం రాసేవాణ్ని కాదు. చర్మం మీద ఏ పొక్కు లేచినా, ఏ వాపు వచ్చినా 'సాలీడు కుట్టింది అన్నా, ఒక మలాం ఇవ్వు' అంటూ జనం షాపుకు వస్తున్నారు. ఎక్కడ కుట్టిందో చూపిస్తారు, కుట్టిన సాలీడును చూశారా అంటే చూడలేదంటారు. ఇలా నేరమంతా సాలీడు మీద వేసేయడంతో అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమవుతోంది. నా బాధ దాని గురించి.

ముందు సాలీళ్ల సంగతి. మన ఇళ్లలో బూజు పెట్టే సన్నకాళ్లవీ, గోడల మీద గెంతుతూ ఈగల్ని పట్టే చిన్నవీ మనిషిని ఏమీ చేయలేవు. బాత్రూం తలుపు వెనక కనిపించి ఇల్లంతా కేకలు పెట్టించే అరచేయంత గోధుమరంగు సాలీడు గూడు కట్టదు, రాత్రిళ్లు తిరుగుతూ బొద్దింకల్ని తింటుంది. కడుపు కింద తెల్లటి బిళ్ల మోస్తూ కనిపిస్తే అది గుడ్ల సంచి, విషం తిత్తి కాదు. చేత్తో పట్టి నొక్కితే కరవచ్చు. తేనెటీగ కుట్టినట్టు మండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. గట్టిగా బాధపెట్టేవి మన దేశంలో అసలు లేవని కాదు. చెట్టు తొర్రల్లో ఉండే పెద్ద టరాంటులాలు కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి ఇబ్బంది పెడతాయి. వాటిలో నీలం రంగుది మన నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోనే ఉంది, అదీ అంతరించిపోయే దశలో. సికింద్రాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి వచ్చి మిమ్మల్ని కుట్టే తీరిక దానికి లేదు.

అమెరికాలో జనం బాగా భయపడే సాలీడు బ్రౌన్ రెక్లూస్. కాన్సస్ రాష్ట్రంలో ఒక ఇంట్లో 2001లో ఆరు నెలల్లో 2,055 బ్రౌన్ రెక్లూస్‌లను పట్టి లెక్కపెట్టారు. ఆ ఇంట్లో నలుగురు కాపురం ఉంటున్నారు. ఒక్కరికి కూడా కాటు పడలేదు. మన దగ్గర కంటికి కనపడని సాలీడు మాత్రం రోజూ ఎవరో ఒకరిని కుడుతూనే ఉంది!

మరి ఆ పొక్కులు ఏమిటి? వానాకాలంలో చాలావరకు ఒక చిన్న పురుగు వల్ల వస్తాయి. చీమలా సన్నగా, నలుపు నారింజ పట్టీలతో ఉంటుంది, ట్యూబ్‌లైట్ చుట్టూ చేరుతుంది. ఇంగ్లిష్‌లో పెడెరస్ అంటారు. అది కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు మనం చేత్తో నలిపేస్తే దాని ఒంట్లో రసం చర్మానికి అంటుకుంటుంది. మంట వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకు గీత గీసినట్టు ఎర్రగా తేలి పొక్కుతుంది. మోచేతి మడతలో ఒకవైపు అంటితే రెండోవైపూ అచ్చు పడుతుంది. 'సాలీడు పాకింది', 'సాలీడు ఉచ్చ పోసింది' అని మనవాళ్లు అనేది ఎక్కువగా దీన్నే. వాలితే ఊదేయాలి, నలపకూడదు. నలిపితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదు. చెరువుల దగ్గర, పొలాల పక్కన ఉన్న శివారు హాస్టళ్లలో కిటికీలకు దోమతెర కొడితే పిల్లలకు సగం బాధ తప్పుతుంది.

ఇది ఎలాగూ తగ్గిపోతుంది. నాకు టెన్షన్ పెట్టేవి మిగతావి. నడుముకు ఒక పక్కనే పట్టీలా పొక్కులతో, పసుపూ సున్నమూ కలిపి పూసుకుని వచ్చిన పెద్దామెను చూశాను. పొక్కులకు ముందే అక్కడ మంట, పోట్లు వచ్చాయట. అది సర్పి. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే ఒంట్లో దాగి ఉండి మళ్లీ లేస్తుంది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆమె వచ్చేసరికి వారం దాటింది. పెద్ద వయసులో ఈ ఆలస్యానికి పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు.

షుగర్ ఉన్నవారి కాలి మీద చిన్న పుండు, చుట్టూ ఎరుపు, వేడి. గంట గంటకూ ఎరుపు పైకి పాకుతోందంటే అది చర్మం లోపల చేరిన ఇన్ఫెక్షన్. దానికి యాంటీబయాటిక్ కావాలి, ఆ రోజే డాక్టర్ చూడాలి. నల్లటి పెచ్చు కట్టి, దానితో పాటు జ్వరం, తలనొప్పి ఉంటే స్క్రబ్ టైఫస్ అయి ఉండొచ్చు. నల్లి కంటే చిన్న పురుగు వల్ల వచ్చే ఆ జబ్బుకు డాక్సీసైక్లిన్ అనే చవక మందు ఉంది, ఆలస్యం చేస్తే మాత్రం ప్రాణాల మీదకు వస్తుంది. ఇంకొకటి. నేల మీద పడుకున్నవాళ్లు రాత్రి ఏదో చురుక్కుమందని లేచి, సాలీడే అనుకుని మళ్లీ పడుకుంటారు. కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు, గాట్లు కనపడకపోవచ్చు. కడుపునొప్పి వచ్చినా, రెప్పలు వాలినా, మింగుడు పడకపోయినా ఆలోచించకుండా 108కు ఫోన్ చేయాలి.

నిజంగా సాలీడే కరిచిందనుకుందాం. సబ్బు నీళ్లతో కడిగి, ఐస్‌ను గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టి తీయాలి, కాసేపాగి మళ్లీ పెట్టాలి. చేతికైతే ఉంగరాలు, గాజులు ముందే తీసేయాలి, వాచాక తీయడం కష్టం. నొప్పికి పారాసిటమాల్ చాలు. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవాలి. దొరికితే సాలీడు ఫొటో తీసుకోండి. పై భాగాన తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. 2012లో అస్సాంలోని సదియా ప్రాంతంలో సాలీడు కాటుకు ఇద్దరు చనిపోయారని దేశమంతా వార్తలొచ్చాయి. నాటు వైద్యులు గాయాన్ని బ్లేడుతో కోశారన్నది కూడా ఆ వార్తల్లోనే ఉంది. చావుకు సాలీడు విషమే కారణమని డాక్టర్లు తేల్చలేకపోయారు. ఊపిరి ఆడకపోవడం, పెదాలు, ముఖం వాయడం, ఒళ్లంతా చెమటలు, కడుపు గట్టిపడి పట్టేయడం, పసిపిల్లలు ఆపకుండా ఏడవడం ఉంటే మాత్రం పెద్దాసుపత్రికే. 'విరుగుడు ఇంజెక్షన్ వేయండి' అని అక్కడ డాక్టర్‌తో గొడవ పడొద్దు. మన దగ్గర దొరికేది పాము విషానికి విరుగుడు, సాలీడుకు అది పనికిరాదు.

మా వ్యాపారం గురించీ ఒక మాట. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు అడిగినవారికల్లా ఇచ్చే షాపులు ఈ నగరంలో చాలా ఉన్నాయి. స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ఇన్ఫెక్షన్ మీద స్టెరాయిడ్ రాస్తే పైకి ఎరుపు తగ్గినట్టు కనిపించి లోపల ముదురుతుంది. ఈ మాట రాసినందుకు తోటి షాపులవాళ్లు నాతో మాట్లాడకపోవచ్చు. పర్వాలేదు.

ఇక నేను అడిగేవి. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి, జనం వాటికి వెళ్తున్నారు కూడా. ప్రతి దవాఖానా గోడ మీద సర్పి, పెడెరస్ పొక్కు, స్క్రబ్ టైఫస్ నల్లమచ్చ, పాకే ఇన్ఫెక్షన్ ఫొటోలు పెట్టి, తెలుగులోనూ ఉర్దూలోనూ రెండేసి వాక్యాలు రాయించాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను. ఢిల్లీ ఎయిమ్స్‌లో 24 గంటలూ పనిచేసే జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. ఆ నంబరు మన నగరంలో చాలామంది విని కూడా ఉండరు. నేను మా షాపు బిల్లు వెనక అచ్చు వేయిస్తున్నాను. జీహెచ్ఎంసీ కూడా బూజు మీద స్ప్రే కొట్టమనే ఫిర్యాదులు వచ్చినప్పుడు దోమల మందు వృథా చేయకుండా, బూజుకర్ర చాలని చెప్పి పంపాలి.

మీ పత్రికకు ఒక్క మనవి. 'విష సాలీడు కలకలం' అన్న వార్త వచ్చినప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన ఆస్ట్రేలియా సాలీడు బొమ్మ వేయకండి. కుట్టిన సాలీడును ఎవరైనా చూశారా, డాక్టర్ ఏమన్నారు అన్నవి రెండూ అడగమని మీ విలేకరులకు చెప్పండి. వీలైతే ఈ దసరాకు ముందే, జనం ఇళ్లలో బూజులు దులిపే వారంలో, ఎవరైనా చర్మవ్యాధుల డాక్టర్‌తో ఫొటోలతో సహా అర పేజీ రాయించండి.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
వారాసిగూడ, సికింద్రాబాద్