ఆన్‌లైన్‌లో అమ్ముకోమన్నవాళ్లు ఈ చీర చూడాలి

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ అనంతపురం ఎడిషన్‌లో చేనేత సదస్సు వార్త చదివాను. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు. నేతన్నలు షావుకార్ల చుట్టూ తిరగడం మాని సరుకు ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే బతుకులు బాగుపడతాయని, చైనా పల్లెలను చూసి నేర్చుకోవాలని అధికారి గారు సెలవిచ్చారట.

మా మేనల్లుడు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఈ ఉపదేశం వాడు నిరుడే విన్నాడు. ఫోన్‌తో ఫోటోలు తీసి పన్నెండు చీరలు ఒక పెద్ద కంపెనీ సైట్‌లో పెట్టబోతే ముందు జీఎస్టీ నంబరు అడిగారు. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు 1 నుంచి అది అక్కర్లేదు, సంతోషం. కానీ మా చీర కొనేదెవరు? బెంగళూరు వాళ్లు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే బెంగళూరు పరరాష్ట్రం. మొదటి చీరకే నంబరు ఉండాలన్నారు. అదే మన రాష్ట్రం ఆ చివరున్న ఇచ్ఛాపురానికి పంపితే అక్కర్లేదట! ఇక ఆడిటరుకు డబ్బులిచ్చి నంబరు తెచ్చుకున్నాడు. అమ్మినా అమ్మకపోయినా వేళకు జీఎస్టీ రిటర్నులు వేస్తూ ఉండాలి. కమీషను, అమ్మకం డబ్బులో సైటు ముందే పట్టుకునే అర శాతం పన్ను (టీసీఎస్), కొరియరు ఖర్చు వేరే.

ఒక చీర 9,800కు పోయింది. వీధంతా చెప్పుకున్నాడు. తొమ్మిదో రోజున ‘రంగు నచ్చలేదు’ అని వెనక్కి వచ్చింది. విప్పి చూస్తే అంచు వెంట ఫాల్ కుట్టి ఊడదీసిన సూది బెజ్జాలు వరుసగా ఉన్నాయి. కొంగు మీద అరచెయ్యంత సాంబారు మరక. పెళ్లి భోజనాలు బాగానే జరిగినట్టున్నాయి. జాకెట్టు ముక్క లేనే లేదు. మొగుడూ పెళ్లాం పన్నెండు రోజులు గుంట మగ్గం దగ్గర కూర్చుని నేసిన చీర అది. ఫిర్యాదు చేస్తే ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అని ఒక మెసేజి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశారా అని ఇంకొకటి. వాడికేం తెలుసు, చీరే కదా అని విప్పాడు. రానూపోనూ కొరియరు ఖర్చు కూడా వాడి లెక్కలోనే కోశారు.

కొన్నవాళ్ల ఫిర్యాదు 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మంచిదే, నేనూ కొనేవాణ్నే. అమ్మినవాడి గోడు ఎన్ని గంటల్లో వినాలో మాత్రం ఎవరూ రాయలేదు.

ఇంకొకటి. అదే సైట్‌లో ‘ధర్మవరం పట్టు’ అని కొడితే 699కి చీర వస్తుంది. ఆ డబ్బుతో మావాళ్లకు జరీ కూడా రాదు. ధర్మవరం చేనేత పట్టు చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు వేరే సరుకుకు తగిలించకూడదు. 11 రకాల బట్టలను మరమగ్గాలకు వదలకుండా చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టమూ ఉంది, అందులో చీర కూడా ఒకటి. ఎవరైనా ఒక్క పూట ఫోన్ తీసి ఆ 699 చీర సంగతేమిటో చూశారా? స్క్రీన్‌షాట్లు పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, ఆన్‌లైన్ మా పరిధిలోకి రాదు, అయినా మీది ఇప్పుడు వేరే జిల్లా కదా అన్నారు. 2022 ఏప్రిల్లో జిల్లా చీలినప్పటి నుంచి ఏది అడిగినా ఇదే జవాబు. మా ఊళ్లోనే మరమగ్గం మీద నేసి చేనేత అని అంటగట్టేవాళ్లు ఉన్నారు, ఆ సిగ్గు నాకూ ఉంది. వాళ్లనూ పట్టుకోండి, ఎవరు వద్దన్నారు?

చైనా సంగతికి వద్దాం. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని కావో కౌంటీ పల్లెలు నాటకాల దుస్తులు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముకుని నిలబడిన మాట నిజమే. అక్కడి స్థానిక ప్రభుత్వం రోడ్లు వేసి, స్థలాలు చూపించి వెంట నిలబడింది. ఇక్కడ బ్యానరు కట్టి, సమోసా పెట్టి, ఫోటో దిగి వెళ్లిపోయారు. చిన్నవాళ్ల కోసమే కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్ ఓఎన్‌డీసీలో ఎలా చేరాలని మావాడు లేచి అడిగితే ‘మళ్లీ మాట్లాడదాం’ అన్నారట. ఆన్‌లైన్ అంటే నాకు కోపమేమీ లేదు సార్. టీ బంకులో పది రూపాయలు కూడా ఫోన్‌లోనే కొడుతున్నాను.

అన్నట్టు, మీరు వేసిన ఫోటోలో అతిథులకు కప్పిన శాలువాలు చూశారా? చేనేత సదస్సులో పాలిస్టర్ శాలువాలు!

ఆ చీర మా ఇంట్లోనే బీరువాలో ఉంది. నిమ్మకాయ రుద్ది చూశాం, రెండుసార్లు డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాం, మరక పోలేదు. అధికారి గారు ఏ రోజైనా వచ్చి చూడవచ్చు. కొంటానంటే సగం ధరకే ఇస్తాం, రిటర్న్ మాత్రం తీసుకోం.

– ఒక రిటైర్డ్ టీచరు, అనంతపురం