కుమ్మరి పనికి నీడ కల్పించండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

కుండల పనికి షెడ్డు కావాలని ఇచ్చిన అర్జీలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందు ఈ లేఖ రాస్తున్నాను. నేను సొంతంగా కుండలు చేసి అమ్ముకునే కుమ్మరిని. కుండలు చేసే చక్రాన్ని, అంటే సారెను, కర్రతో తిప్పీ తిప్పీ మా నాన్నగారి భుజం పడిపోయింది. ఆ గతి నాకు పట్టకూడదని అప్పు చేసి కరెంటు సారె కొన్నాను. మంచి పనిముట్టుపై పెట్టిన డబ్బు వృథా కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

కానీ దాన్ని పెట్టుకోవడానికి చోటేది? టార్పాలిన్ కింద నడుపుతున్నాను. పచ్చి కుండ నీడలో నెమ్మదిగా ఆరాలి. ఎండ తగిలితే పగుళ్లిస్తుంది, వాన తగిలితే మళ్లీ మట్టే. జల్లు పడిన రాత్రి ఇంటిల్లిపాదీ కుండలు మోస్తాం.

చేతివృత్తులవారి కోసం 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు రుణం ఇస్తుంది. మేలే. అయితే సొంత జాగా లేనివాడు ఆ రుణంతో షెడ్డు ఎక్కడ వేయాలి?

మా ఊరి ప్రభుత్వ స్థలంలో కుమ్మరులందరికీ కలిపి ఒక షెడ్డు, కరెంటు కనెక్షన్, కుండలు కాల్చే ఆవానికి (బట్టీకి) చోటు వర్షాకాలంలోపు మంజూరు చేయండి. వీలుకాకపోతే కారణం రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
మీ జిల్లా కుమ్మరి