క్రీడా విభాగం వార్షిక నివేదిక 2024–25: ఐస్ హాకీ

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుకలు, వనభోజనాలు, తెలుగు బడి వివరాలు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. క్రికెట్, బ్యాడ్మింటన్ ఎప్పటిలాగే జరిగాయి, చెప్పుకోదగ్గ గొడవలేమీ లేవు. కాబట్టి ఈ నివేదిక దాదాపుగా ఐస్ హాకీ గురించే. సర్వసభ్య సమావేశంలో ఎక్కువ ప్రశ్నలు వచ్చింది కూడా దాని మీదే. "ఐస్‌కి అంత అద్దె కట్టి, పిల్లలచేత మ్యాచ్ ఆడించకుండా ఎప్పుడూ అదే డ్రిల్ ఏమిటండీ?" అని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

మన పిల్లలకు మ్యాచ్‌ల కరువు లేదు. కెనడాలోని మన బ్రాంప్టన్, మిస్సిసాగా ఊళ్ల హౌస్ లీగ్‌లలో (స్థానిక పిల్లల పోటీల్లో) ఎవరి టీమ్‌కి వాళ్లు ఆడుతూనే ఉన్నారు. మ్యాచ్‌లో వాళ్లు తడబడేది ఎక్కడో సీజన్ మొదట్లోనే కోచ్‌లు గమనించారు. మనవాళ్లు ఇద్దరు పక్‌తో (స్టిక్‌తో కొట్టే రబ్బరు బిళ్లతో) దూసుకెళ్తున్నారు, ఎదుట ఒక్క డిఫెండరే ఉన్నాడు. గోల్ పడాల్సిన చోటు అది. తీరా చూస్తే పక్ ఉన్నవాడు తల దించుకుని మూలకి పోతాడు, లేదా గోలీ (గోల్ కాపలా ఆటగాడు) ఛాతీకే కొడతాడు. రెండోవాడు ఆత్రంలో పక్ కంటే ముందే, ఎదుటి జట్టు భాగానికి హద్దుగా ఉండే బ్లూ లైన్ దాటేస్తాడు. ఆఫ్‌సైడ్, విజిల్, అంతా అయిపోయింది.

దాడికి వచ్చేవాళ్లు అడ్డుకునేవాళ్లకంటే ఎక్కువగా ఉండే ఇలాంటి సందర్భాన్నే ఆడ్ మ్యాన్ రష్ అంటారు. ఇద్దరికి ఒకడైతే టూ ఆన్ వన్, ముగ్గురికి ఇద్దరైతే త్రీ ఆన్ టూ. ఎదుటి జట్టు డిఫెండర్ పక్ కోసం ముందుకొచ్చి అందుకోలేకపోయినా, షాట్ ఎవరి కాలికో తగిలి బయటికి ఎగిరినా, ఆటగాళ్లు మారే సమయంలో బెంచ్ దగ్గర ఆలస్యమైనా ఈ అవకాశం వస్తుంది. బ్లూ లైన్ నుంచి గోల్ లైన్‌కి ఉన్న దూరం 64 అడుగులే. చురుకైన పిల్లాడికి అది మూడు నాలుగు సెకన్ల పని. ఏం చేయాలో అక్కడికెళ్లాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

అందుకే శనివారం ఉదయం ఐస్‌లో సగం సమయం దీనికే పెట్టాం. ఇద్దరు ఫార్వర్డ్‌లు సెంటర్ లైన్ నుంచి బయల్దేరుతారు. డిఫెండర్ బ్లూ లైన్ దగ్గర వెనక్కి స్కేట్ చేస్తూ వాళ్లను కలుస్తాడు. ఒకటి రెండు సెకన్లు ఆగి వెనకనుంచి ఇంకొకడిని తరమడానికి వదులుతారు. ఈ నాలుగోవాడు చేరాకే డ్రిల్‌కి ప్రాణం వచ్చింది. అంతకుముందు పిల్లలు తీరిగ్గా పాసులు ఇచ్చుకునేవాళ్లు, ఇప్పుడు వీపు వెనక బ్లేడ్ల చప్పుడు వినపడుతుంటే తేల్చుకోక తప్పదు.

డిఫెండర్‌కి కోచ్ చెప్పేది ఒక్కటే: "షాట్ గోలీ చూసుకుంటాడు, పాస్ నువ్వు చూసుకో." ఇద్దరికీ మధ్య దారిలో ఉండాలి, స్టిక్ ఐస్ మీద ఆనించాలి, పక్ ఉన్నవాడి మీదికి ఎగబడకూడదు. ఎగబడితే పక్కవాడికి గోల్ ఖాళీగా దొరుకుతుంది. 2013లో హాకీ కెనడా (దేశంలో హాకీని నడిపే సంస్థ) పీవీ స్థాయిలో, అంటే ఇప్పటి అండర్ 13లో, బాడీ చెకింగ్ (ఒళ్లుతో ఢీకొట్టడం) తీసేసింది. మన పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. ఒళ్లుతో ఢీకొట్టి ఆపే దారి లేదు కాబట్టి కాళ్లు, స్టిక్, నిలబడే చోటే దిక్కు. నన్నడిగితే ఇది మంచికే జరిగింది.

దాడి చేసేవాళ్లకు అసలు కష్టం కళ్లతో. పాస్ ఇవ్వబోయేవాడి వంక చూస్తే డిఫెండర్ పసిగట్టేస్తాడు. గోల్ వైపు చూస్తూ, నిజంగా కొట్టేలా భుజం దించి, చివర్లో పక్‌ని డిఫెండర్ స్టిక్ మీదుగా కాస్త పైకి లేపి పంపాలి. ఆ సాసర్ పాస్ బల్లపరుపుగా దిగితే అవతలివాడు ఆపకుండానే కొట్టేయొచ్చు, దొర్లుతూ పడితే చేతికందదు. జనవరి దాటేసరికి అండర్ 13 పిల్లల్లో చాలామందికి ఇది పట్టుబడింది. చిన్నపిల్లలకు ఇంకా లేదు, తొందరా లేదు.

సంక్రాంతి సంబరాల రోజు పెద్ద తెర మీద 1987 కెనడా కప్ (దేశాల మధ్య జరిగిన హాకీ పోటీ) చివరి మ్యాచ్ ఆఖరి గోల్ వేసి చూపించాం. సోవియట్ జట్టుతో 5–5 సమంగా ఉంది, ఇంక నిమిషంన్నర కూడా లేదు. కెనడా ఆటగాళ్లు గ్రెట్‌స్కీ, లెమ్యూ, లారీ మర్ఫీ ముగ్గురు వస్తుంటే ఎదురుగా డిఫెండర్ ఒక్కడే. అందరూ గ్రెట్‌స్కీ పాస్, లెమ్యూ షాట్ చూసి చప్పట్లు కొట్టారు. కోచ్ మాత్రం వీడియో ఆపి మర్ఫీని చూపించారు. పక్ ముట్టకుండానే గోల్ వైపు దూసుకెళ్లి డిఫెండర్‌ని తనతో లాక్కెళ్లింది అతనే. ఆ తర్వాతి వారం మర్ఫీ పాత్ర కోసం పిల్లలు పోట్లాడుకోవడం మేం ఊహించలేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. గ్యాలరీలోంచి "కొట్టు, కొట్టు" అని అరవకండి. పాస్ ఇవ్వాల్సినవాడు మీ అరుపు విని కొట్టేస్తున్నాడు. పిల్లలు మాత్రం ఐస్ మీద "వెనకాల!", "నాకియ్యి!" అని తెలుగులో కేకలేసుకుంటున్నారు, తెలుగు బడి మాస్టార్లకు ఇది సంతోషవార్త.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక అరీనా వాళ్లు ముందుగా చెప్పకుండా రెండుసార్లు మన సమయం రద్దు చేశారు. డబ్బు తిరిగొచ్చింది, పొద్దున్నే లేచినవాళ్ల నిద్ర రాలేదు. ఖర్చుల పట్టిక కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

వచ్చే సీజన్‌లో త్రీ ఆన్ టూ మొదలుపెడతాం. దానికి ఇద్దరు గోలీలు కావాలి, ఇప్పుడున్నది ఒక్క అమ్మాయే, పాపం ప్రతి డ్రిల్‌లోనూ తనే నిలబడుతోంది. మీ పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లుంటే సెప్టెంబరులోపు చెప్పండి. ఎవరి బేస్‌మెంట్‌లోనైనా పాత గోలీ ప్యాడ్లు పడి ఉంటే సంఘానికి ఇవ్వండి, మేమే వచ్చి తీసుకెళ్తాం.

ఇట్లు,
క్రీడా విభాగం కన్వీనర్