బటన్ వదలడం కూడా నేర్పించండి: మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తమిళనాడు మత్స్యశాఖ మంత్రిగారికి,

నమస్కారమండి. నేను చెన్నై కాసిమేడు చేపల రేవుకి కూతవేటు దూరంలో వైర్‌లెస్ సెట్లు, జీపీఎస్‌లు బాగుచేసే చిన్న కొట్టు నడుపుతున్నాను. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి కలాసీగా ఈ రేవుకి వచ్చాడు, నేను తండయారుపేటలో పుట్టి పెరిగాను. ఈ లేఖ తమిళంలో రాసి మీ ఆఫీసుకి వేరేగా పంపాను. ఇక్కడ తెలుగులో పెట్టడానికి కారణం ఏమిటంటే, ఇది ఎవరి ప్రాణాల గురించి రాస్తున్నానో వాళ్ళలో చాలామందికి తెలుగు తప్ప వేరే అక్షరం రాదు, కొందరికి ఎవరైనా చదివి వినిపించాలి.

కిందటేడు సెప్టెంబరులో మా బావమరిది, ఇంకో ముగ్గురు ఫైబర్ బోటులో ఎన్నూరు దాటి ఉత్తరంగా వేటకి వెళ్ళారు. అర్ధరాత్రి ఇంజను ఆగిపోయింది. మొబైల్‌కి సిగ్నల్ లేదు. చేతి వాకీ-టాకీ ఉంది, అందులో చార్జి కూడా ఉంది, మా బావమరిది నేను చెప్పినట్టే ఆపదలో పిలిచే 16వ ఛానెల్ పెట్టాడు. పెట్టగానే వినబడింది ఒక డీజిల్ ఇంజను మోత. మధ్యలో ఎవరో దగ్గారు, తర్వాత గిన్నె చప్పుడు, మళ్ళీ అదే మోత. గంట దాటినా అదే. ఎక్కడో ఒక పడవలో ఎవరిదో సెట్టు బటన్ నొక్కుకుపోయి ఉంది, ఆ సంగతి ఆ పడవలో ఎవరికీ తెలియదు. వీళ్ళు నలుగురూ మార్చి మార్చి అరిచారు, జవాబు లేదు. తెల్లవారాక పులికాట్ వైపు నుంచి వస్తున్న వేరే పడవవాళ్ళు వీళ్ళు ఊపుతున్న చొక్కా చూసి తాడేసి లాక్కొచ్చారు కాబట్టి ఈ రోజు ఈ లేఖ ఇలా రాస్తున్నాను, లేకపోతే వేరేలా రాసేవాణ్ణి.

ఆ తర్వాత పది రోజులకి ఒక సెట్టు నా కొట్టుకి వచ్చింది. కంప్లయింటు: చార్జి నిలవడం లేదు. విప్పి చూస్తే బ్యాటరీకి ఏ రోగమూ లేదు. పక్కన మాట్లాడే బటన్ చుట్టూ ఉన్న రబ్బరు అంచులో ఉప్పు గట్టిగా పేరుకుంది, దాని కింద ఒక చేప పొలుసు, చిటికెన వేలి గోరులో సగం ఉంటుంది, అడ్డంగా ఇరుక్కుని ఉంది. బటన్ నొక్కితే లోపలికి వెళ్తోంది, తిరిగి పైకి రావడం లేదు. ఆ రాత్రి 16ని మూసేసింది ఈ సెట్టే అని నేను అనను, తెలియదు కాబట్టి. కానీ ఇలాంటివి ఏడాదికి ఎన్నో నా బల్లమీదకి వస్తాయి, ప్రతిసారీ నాకు ఆ నలుగురే గుర్తొస్తారు.

మంత్రిగారూ, ఇది ఎందుకంత ప్రమాదమో కాస్త చెప్పనివ్వండి. ఈ సెట్లలో ఒకసారికి ఒకటే పని జరుగుతుంది, మాట్లాడడమో వినడమో. బటన్ నొక్కి ఉన్నంతసేపు మన సెట్టుకి చెవుల్లేవు. అంటే బటన్ ఇరుక్కుపోయిన మనిషికి "ఒరేయ్, నీ బటన్ చూసుకో" అని సముద్రం మీద ఉన్న వాళ్ళంతా కలిసి అరిచినా వాడికి వినపడదు. పైగా ఇది ఎఫ్ఎమ్, ఒకే ఛానెల్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలంగా అందే సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది. 16వ ఛానెల్, 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతటా ఆపదలో పిలవడానికి ఉంచిన దారి. పెద్ద నౌకలు, కోస్ట్‌గార్డు అందరూ చెవి పెట్టి ఉండేది అక్కడే. ఒక్క చేప పొలుసు ఆ దారిని మూసేయగలదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని నేను అనను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వీహెచ్ఎఫ్ సెట్లకీ, అంటే నేను చెబుతున్న ఈ వైర్‌లెస్ సెట్లకీ, ఆపద సిగ్నల్ పంపే పరికరాలకీ సాయం పెట్టారు. 2024 ఆగస్టులో లక్ష పడవలకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలైంది, ఇస్రో తయారుచేసిన ఆ పెట్టె టవర్ లేని చోటునుంచి కూడా ఉపగ్రహం ద్వారా మెసేజి పంపుతుంది. చాలా మంచి పని. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు కన్యాకుమారి వైపు ముందే లోపలికి వెళ్ళిపోయిన పడవలకి హెచ్చరిక అందక ఎంతమంది పోయారో మనందరికీ తెలుసు, అంత దూరానికి చేతి సెట్టు ఎలాగూ అందదు, అక్కడ ఉపగ్రహమే దిక్కు. కానీ ఆ పెట్టె పడవకి బిగించి ఉంటుంది. పడవ తిరగబడితే నీళ్ళలో ఉన్న మనిషి దగ్గర మిగిలేది వాడి ఒంటిమీద కట్టుకున్నదే. చేతి సెట్టు విలువ అక్కడ ఉంది. మా రేవులో మాత్రం ఆ సెట్టు డ్రైవరు క్యాబిన్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది, కలాసీ దాన్ని ముట్టుకుంటే తిడతారు. డ్రైవరే నీళ్ళలో పడిపోతే పిలిచేదెవరు?

సెట్టు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకుంటారు, ఫోటో తీస్తారు, ఒక ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెడతారు. ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పరు. నేను చూసేవి చెబుతాను. యాంటెన్నా పట్టుకుని బకెట్టులా మోసుకొస్తారు, అది సెట్టుకి అతుక్కునే చోట విరిగి, లోపల తీగ తెగిపోయినా పైకి బాగానే కనబడుతుంది. యాంటెన్నా పూర్తిగా ఊడిపోతే, అది లేకుండానే మాట్లాడి పవర్ ట్రాన్సిస్టర్ కాల్చేసుకుంటారు. మైకుని పెదాలకి ఆనించి కేకలేస్తారు, అవతల వాళ్ళకి బరబరమని శబ్దం తప్ప మాట వినబడదు. నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో, యాంటెన్నా నిటారుగా, కంటికి దూరంగా పట్టుకుని, బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, మామూలు గొంతుతో మాట్లాడాలి. నొక్కీ నొక్కగానే మాట్లాడితే మొదటి మాట తెగిపోతుంది, ఆ తెగిపోయే మాట చాలాసార్లు పడవ పేరే. మాట అయ్యాక బటన్ వదలాలి. ఇది చెప్పడానికి సిగ్గుపడాల్సినంత చిన్న విషయంలా ఉంటుంది, కానీ భయంలో ఉన్న మనిషి వేలు బిగుసుకుపోతుంది, వదలడం మర్చిపోతాడు, జవాబు వచ్చినా వినలేడు.

పవర్ సంగతి కూడా అంతే. చేతి సెట్టులో మామూలుగా ఒక వాట్, ఐదారు వాట్లు అని రెండు మూడు మెట్లుంటాయి. పక్క పడవతో మాట్లాడడానికి ఒక వాట్ చాలు, ఐదులో పెట్టి రాత్రంతా కబుర్లు చెప్పుకుంటే తెల్లవారుజామున అసలు అవసరానికి బ్యాటరీ ఉండదు. ఐదు వాట్లు పెట్టినా చిన్న పడవ నుంచి చిన్న పడవకి మహా అయితే నాలుగైదు నాటికల్ మైళ్ళు అందుతుంది, ఎందుకంటే ఈ తరంగాలు చూపు పోయినంత దూరమే పోతాయి, సముద్రపు వంపు దాటి కిందికి దిగవు. ఒడ్డున ఎత్తైన టవర్ మీద యాంటెన్నా ఉంటే చాలా దూరం నుంచి పట్టుకుంటుంది. అందుకే కూర్చుని పిలిచి అందకపోతే, పడవ స్థిరంగా ఉంటే, ఎవరైనా నడుం పట్టుకోగా లేచి నిలబడి పిలవమని మా వాళ్ళకి చెబుతుంటాను.

ఉప్పునీళ్ళ గురించి కంపెనీవాళ్ళు ఒక అంకె రాస్తారు, ఐపీఎక్స్7 అని. మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని దాని అర్థం. ఆ పరీక్ష కొత్త సెట్టుకి, మంచినీళ్ళలో చేస్తారు. మూడేళ్ళు ఎండకి ఎండి, రబ్బరు పగిలిన సెట్టుకి ఆ అంకె ఎలా వర్తిస్తుంది? వేట నుంచి రాగానే మంచినీళ్ళతో మెల్లగా కడిగి, పాత టూత్ బ్రష్‌తో బటన్ అంచులు రుద్ది, గుడ్డతో తుడిచి, బాగా ఆరాక మాత్రమే చార్జింగ్ పెట్టాలి. ఇది చేసే ఇళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ, చేసే చోట ఆ పని ఇంటి ఆడవాళ్ళు చేస్తున్నారు, అందుకే శిక్షణకి వాళ్ళని కూడా పిలవమని అడుగుతున్నాను. తడి ఆరని బ్యాటరీని చార్జర్లో పెట్టి పలకలు నల్లగా కాలిన సెట్లు నా దగ్గర మూడున్నాయి. ఫైబర్ బోటులో పెట్రోలు పోస్తూ పక్కనే బ్యాటరీ మార్చడం, సెట్టులో మాట్లాడడం చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ రెండూ పెట్రోలు ఆవిరి దగ్గర చెయ్యకూడనివి.

ఇక పిలిచే మాట. ఆపదలో "మేడే" అని మూడుసార్లు చెప్పాలి. మా కలాసీలకి మేడే అంటే మే ఒకటి, ఎర్రజెండా. ఒక ముసలాయన నన్ను అడిగాడు, బాబూ మునిగిపోతూ కార్మికుల పండగ పేరెందుకు చెప్పాలి అని. ఫ్రెంచిలో "నాకు సాయం చెయ్యండి" అనే మాట నుంచి వచ్చిందని చెబితే, ఆ ముక్క ముందే చెబితే మర్చిపోయేవాణ్ణి కాదుగా అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? అర్థం తెలిసిన మాట భయంలో కూడా నోటికొస్తుంది. నేను నేర్పేది ఇంతే: "మేడే, మేడే, మేడే. ఇది ఫలానా పడవ, ఫలానా పడవ, ఫలానా పడవ. మేడే, ఫలానా పడవ. కాసిమేడుకి తూర్పున పన్నెండు మైళ్ళు. పడవలోకి నీళ్ళు వస్తున్నాయి. ఆరుగురం ఉన్నాం. సాయం కావాలి. ఓవర్." తర్వాత బటన్ వదిలి వినడం. జీపీఎస్‌లో అంకెలు చదవగలిగితే మరీ మంచిది, చదవలేనివాడు తెలిసిన గుర్తు నుంచి దిక్కు, దూరం చెప్పినా వెతికేవాళ్ళకి ఆధారం దొరుకుతుంది. ప్రాణాపాయం కాదు కానీ సాయం కావాలంటే, ఉదాహరణకి ఇంజను ఆగిపోయి పడవ కొట్టుకుపోతుంటే, "పాన్ పాన్" అని మూడుసార్లు. ఈ తేడా తెలిసిన కలాసీ మా రేవులో నాకింకా కనబడలేదు.

కొన్ని సెట్లలో ఎర్ర బటన్ ఉంటుంది, మూత తీసి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే 70వ ఛానెల్లో పడవ నంబరు, జీపీఎస్ చోటు వాటంతటవే వెళ్తాయి. ఆ నంబరు, తొమ్మిది అంకెలది, మన దేశానిదైతే 419తో మొదలయ్యేది, సెట్టులో ఎక్కించి ఉంటేనే అది పనిచేస్తుంది. నా దగ్గరికి వచ్చే వాటిలో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ఎర్ర బటన్ ఉంది కదా అని ధైర్యంగా వేటకి వెళ్ళేవాడికి అది ఉత్త ప్లాస్టిక్ ముక్క అని ఎవరు చెబుతారు?

ఇవన్నీ లేని చవక వాకీల బాధ వేరే. అవి సముద్రానికి చేసినవి కావు, నీళ్ళు తట్టుకోవు, చాలావాటిలో 16 పెట్టి ఉండదు, లైసెన్సు సంగతి ఎవరూ చూడరు. ఆన్‌లైన్‌లో ఇలాంటి వాకీ-టాకీల అమ్మకం మీద కేంద్రం 2025లో నిబంధనలు తెచ్చింది. సంతోషం. కానీ వాటిని పేదవాడి చేతిలోంచి లాక్కుని జరిమానా వేసేముందు సరైన సెట్టు అందేలా చూడండి, వాడు అది కొన్నది నేరం చెయ్యడానికి కాదు.

మా తీరంలో ఓడల రద్దీ మీకు తెలియనిది కాదు. చెన్నై పోర్టు, ఎన్నూరు, కాట్టుపల్లి, మూడూ పక్కపక్కనే. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు పెద్ద ఓడలే ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. రాత్రిపూట వల వేసి కూర్చున్న ఫైబర్ బోటుని ఆ ఓడ మీది మనిషి చూడకపోవచ్చు, 16లో పిలిస్తే మాత్రం వింటాడు, వినాలన్నది వాళ్ళ నియమం. ఆ ఛానెల్లో సినిమా కబుర్లు నడుస్తుంటే, బటన్ ఇరుక్కుని ఉంటే, ఆ పిలుపు పోదు.

నేను అడిగేవి పెద్ద ఖర్చువి కావు. సబ్సిడీలో ఇచ్చే ప్రతి సెట్టులో టైమ్ అవుట్ ఉండాలని, అది ఆన్ చేసి ఉండాలని టెండరులోనే రాయండి, అది ఉంటే బటన్ ఇరుక్కున్నా సెట్టు కొన్ని నిమిషాల తర్వాత దానంతటదే ప్రసారం ఆపేస్తుంది. సెట్టు ఇచ్చేముందే పడవ నంబరు ఎక్కించి ఇవ్వండి. తమిళంతో పాటు తెలుగులో కూడా ఒక్క పేజీ బొమ్మల కార్డు వెయ్యండి, నీళ్ళకి చిరగనిది, కోస్ట్‌గార్డు 1554 నంబరుతో సహా. కోస్ట్‌గార్డు సహాయ కేంద్రం చెన్నైలోనే ఉంది కాబట్టి అక్కడ 16 వినే ప్రతి షిఫ్టులో తెలుగు అర్థమయ్యే ఒక్కరైనా ఉండేలా వాళ్ళతో మాట్లాడండి. ప్రాణం పోయేటప్పుడు మనిషికి అమ్మ భాషే వస్తుంది.

శిక్షణ తేదీ గురించి మాత్రం దయచేసి ఒక్క మాట వినండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు. ఆ రోజుల్లో అందరూ ఖాళీగా ఉంటారు కదా అని మే నెలలో పెడితే పడవ యజమానులు వస్తారు, డ్రైవర్లు వస్తారు, మా తెలుగు కలాసీలు మాత్రం ఉండరు. వాళ్ళు ఏప్రిల్‌లోనే రైలెక్కి శ్రీకాకుళం, విశాఖ వైపు ఊళ్ళకి వెళ్ళిపోతారు. జూన్ రెండో వారంలో తిరిగొస్తారు, ఐసు, డీజిలు, వలలు ఎక్కించడానికి. ఆ నాలుగైదు రోజులే మనకి దొరికేవి. పడవకి ఒక గంట చాలు. యజమాని కాదు, డ్రైవరు కాదు, పడవలో ఉన్న ప్రతివాడూ ఒక్కసారైనా సెట్టు చేత్తో పట్టుకుని, నొక్కి, మాట్లాడి, వదిలి, జవాబు విని వెళ్ళాలి. సాధన 16లో కాకుండా, మీ అధికారులు చూపించిన వేరే ఛానెల్లో, ఒక వాట్‌లో.

వచ్చే జూన్‌లో ఆ వారం నా కొట్టు మూసి పెడతాను. ఐసు ఫ్యాక్టరీ వైపు నీడలో ఒక బల్ల, పనిచేసే సెట్లు రెండు, విప్పి చూపించడానికి ఆ పొలుసు ఇరుక్కున్న సెట్టు నేను తెస్తాను, తెలుగులో నేను చెబుతాను, డబ్బులేమీ వద్దు. మీ వైపు నుంచి ఒక అధికారినీ, ఒక అనుమతి కాగితాన్నీ పంపండి.

ఇట్లు,
కాసిమేడు రేవు దగ్గర వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఒక కలాసీ కొడుకు