దాచుకున్న చూపు: ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతూ మా లెక్కల టీచరు ఒక సంగతి పట్టుకున్నారు. ఏడో తరగతి బాబు ఒకడు లెక్కలు సరిగ్గానే చేస్తున్నాడు. కానీ బోర్డు మీది 8ని 3 అని, 6ని 0 అని ఎక్కించుకుంటున్నాడు. పిలిచి అడిగితే చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి చెప్పాడు, ఏడాదిగా బోర్డు మసగ్గా కనిపిస్తోందట. కళ్లద్దాలు వస్తే క్రికెట్ టీమ్‌లోంచి తీసేస్తారని ఇంట్లో కూడా చెప్పలేదట.

ఆ మాట వినగానే నాకు ఐస్ హాకీ ఆటగాడు విల్లీ ఓరీ గుర్తొచ్చారు. సోమవారం అసెంబ్లీలో పిల్లలకు ఆయన కథ చెప్పాను. మీరూ వినాలి.

ఆయన 1935లో కెనడాలోని ఫ్రెడెరిక్టన్‌లో పుట్టారు. 13 మంది పిల్లల్లో ఆఖరివాడు. మూడేళ్లకే స్కేట్స్ కట్టుకుని మంచుగడ్డ మీద జారడం నేర్చారు. ఐస్ హాకీలో బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. 1955-56 సీజన్‌లో ఒక జూనియర్ మ్యాచ్‌లో ఆ పక్ ఎగిరొచ్చి ఆయన కుడి కంటికి తగిలింది. ఆ కంటి చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఇక హాకీ మానెయ్యమన్నారు డాక్టరు. కొన్ని వారాలకే ఆయన మళ్లీ ఐస్ మీదకు దిగారు. అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద ఐస్ హాకీ పోటీ నేషనల్ హాకీ లీగ్. ఒక కన్ను కనబడనివాళ్లను అది ఆడనిచ్చేది కాదు. అందుకని బాగా నమ్మకమైన ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1958 జనవరి 18న మాంట్రియల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు తరఫున ఆడి, ఆ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అయ్యారు. తర్వాతి మ్యాచ్‌ల్లో ప్రేక్షకుల్లోంచి తిట్లు వినబడుతుండగానే ఆడారు. ఆ లీగ్‌లో ఆయన మొత్తం ఆడింది 45 మ్యాచ్‌లు, కొట్టింది 4 గోల్స్. ఇవి చూసి తక్కువ అనుకునేముందు ఆయన ఎలా ఆడారో ఒక్కసారి ఊహించుకోండి.

ఆయన ఆడేది ఎడమ అంచున. అంటే ఆటంతా ఆయనకు కుడిపక్కనే. కనబడనిదీ కుడి కన్నే. తనకు అందించిన పక్‌ని చూడాలంటే మెడను కుడి భుజం మీదుగా పూర్తిగా తిప్పి ఎడమ కంటితో చూడాలి. అది కూడా స్కేట్స్ మీద దూసుకుపోతూ, అవతలి ఆటగాడు ఎటునుంచి వచ్చి గుద్దుతాడో తెలియకుండా. అసెంబ్లీలో పిల్లలందరినీ కుడి కన్ను మూసుకోమని, కుడిపక్కవాళ్లు ఎన్ని వేళ్లు చూపిస్తున్నారో చెప్పమన్నాను. మెడ తిప్పకుండా ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇంట్లో మీరూ చేసి చూడండి.

తర్వాత లాస్ ఏంజెలెస్ జట్టుకు వెళ్లారు. అది ఇంకో లీగ్. అక్కడ కోచ్ ఆయన్ని కుడి అంచుకు మార్చారు. ఇప్పుడు ఆటంతా కనబడే కంటివైపు వచ్చింది. మనిషి అదే, కన్ను అదే, నిలబడే చోటొక్కటే మారింది. 1964-65లో 38 గోల్స్ కొట్టారు. శాన్ డియేగో జట్టుకు మారాక 1968-69లో మళ్లీ 38 కొట్టారు. 43 ఏళ్లొచ్చేదాకా ఆడి 1979లో ఆట విరమించారు. 2018లో ఆయన్ని హాకీలో గొప్పవాళ్లకు ఇచ్చే గౌరవమైన హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 2022 జనవరి 18న, అంటే ఆ మొదటి మ్యాచ్‌కు సరిగ్గా 64 ఏళ్లకు, బోస్టన్ జట్టు ఆయన 22వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించింది.

కథ అయ్యాక ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "దాచడం తప్పు కాదా మేడమ్?" అని అడిగింది. మంచి ప్రశ్న. చెబితే తలుపు మూసేస్తారని ఆయనకు తెలుసు కాబట్టి దాచారన్నాను. మీరు మాత్రం దాచొద్దు, ఇక్కడ ఏ తలుపూ మూయం అని కూడా చెప్పాను. ఆ మాట అన్నాక నాకే ఓ సందేహం పట్టుకుంది. మరి మా ఏడో తరగతి బాబు ఏడాదిపాటు ఎందుకు భయపడ్డాడు? ఎప్పుడో ఎవరమో ఒక మాట అనే ఉంటాం. సోడాబుడ్డి అని తోటి పిల్లలు ఏడిపిస్తుంటే వినీ విననట్టు ఊరుకుని ఉంటాం. బడిలో అలాంటిది ఇక జరగకుండా చూసే పూచీ నాది. ఇంట్లో మీరు చూడాలి.

వచ్చే శనివారం ఉదయం 9 గంటలకు కంటి డాక్టరుగారు బడికి వస్తున్నారు. పిల్లలందరికీ పరీక్ష చేస్తారు, ఫీజు లేదు. పిల్లలు టీవీ దగ్గరికి జరిగి చూస్తున్నా, చదివేటప్పుడు తల ఒక పక్కకు వాల్చినా, తరచూ తలనొప్పి అంటున్నా ముందే డైరీలో రాసి పంపండి.

ఆ బాబుకు అద్దాలు వచ్చాయి. పీఈటీ సారు వాటికి వెనక బిగించుకునే ఎలాస్టిక్ పట్టీ కొనుక్కొచ్చి, గ్రౌండ్‌లోనే స్వయంగా కట్టారు. ఆదివారం మ్యాచ్‌కు పెట్టిన టీమ్ లిస్టులో వాడి పేరు ఉంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు